ఉక్కు సైకిలు, పాతకాలపు గేరు మీట

(నగరము వ్యవసాయ ప్రదర్శకుడు వ్రాసినది)

గడచిన ఆషాఢమాసమున ఒకనాటి ఉదయము నేను నగరములో సంఘము అరుగుమీద కూర్చుండి సార్వా నారుమళ్ళ వివరములు వ్రాసికొనుచుంటిని. అప్పుడొక కౌలురైతు వచ్చి, తలగుడ్డ విప్పి చెమట తుడుచుకొని, నాతో నిట్లనెను:

"ఆయ్, బాబుగారూ, మా అమ్మాయికి రాజోలు కాలేజీలో సీటు వచ్చిందండి. బస్సు వేళకి దొరకట్లేదు. రోజూ ఆటోకివ్వాలంటే నా వల్ల కాదు. స్కూటరు కొందామంటే మా ఇంటిదాని చెవులవి తాకట్టు పెట్టాలండి. అమలాపురంలో గేరు సైకిళ్ళు పదిహేను వేలకి వస్తున్నాయంట. కొనమంటారా?"

నారుమడికి ఎరువు ఎంత వేయవలెనని అడిగినచో వెంటనే చెప్పియుందును. ఈ ప్రశ్నకు మాత్రము రెండు దినములు గడువు కోరితిని. ఈయన చేయునది మూడెకరముల కౌలు. 2011 సార్వాలో గిట్టుబాటు ధర లేదని కోనసీమ రైతులు పంట విరామము చేసినప్పుడు, ఈయనయు చేను బీడు పెట్టినవాడే. ఆనాటి అప్పు తీరుటకు నాలుగేండ్లు పట్టెనని నాతో పలుమారులు చెప్పియున్నాడు. అట్టివానికి పదునైదు వేలనిన ఆటవస్తువు వెల కాదు. నేను తడబడుటకు మరియొక కారణము కూడ కలదు. అట్టి సైకిలు నొకదానిని నేనే కొని మోసపోయినవాడను. ఆ కథ తరువాత చెప్పెదను.

మన సీమలో సైకిలనగా తాతల నాటినుండి ఒక్కటే రూపము: నల్లరంగు వేసిన ఉక్కు గొట్టముల చట్రము, ఇరువదియెనిమిది అంగుళముల చక్రములు, కడ్డీల బ్రేకులు, వెనుక నొక బలమైన క్యారియరు. కొబ్బరి దింపువారు మోకును దీని హ్యాండిలుకే తగిలించుకొని తెల్లవారకమునుపే తోటలకు పోవుదురు. పాలక్యానులు దీనికి ఇరుప్రక్కల వ్రేలాడును. చేపలబుట్ట వెనుక కట్టబడును. రావులపాలెము సంతకు అరటిగెలలు తెచ్చువారు అటు ఇటు గెలలు కట్టి, నడుమ తామెక్కుటకు చోటు లేక, హ్యాండిలు పట్టుకొని నడిపించుకొనుచు వచ్చుట మీరందరు చూచినదే. లంకకు పోవలెనన్న నాటుపడవలో దీనిని అడ్డముగా పడవేసికొందురు. బోదె అడ్డము వచ్చిన భుజమున వేసికొని దాటుదురు. దీనికి పెట్రోలు అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు, భీమా అక్కరలేదు.

ఈ రూపము ఇంగ్లండు దేశమునుండి వచ్చినది. నాటింగుహాము నగరములోని ర్యాలీ వారును, బర్మింగుహాములోని బి.యస్.ఎ. వారును చేసి పంపిన బండ్లను మన పెద్దలు కొనిరి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆ పని మన దేశముననే సాగినది. 1949లో మదరాసు వద్ద అంబత్తూరున టి.ఐ. సైకిల్సు వారు కర్మాగారము పెట్టిరి. హెర్క్యులిసు, బి.యస్.ఎ. పేర్లతో మన ఊళ్ళకు వచ్చిన బండ్లు వారివే. 1951లో సోనీపతున అట్లాసు, 1956లో లూధియానాలో హీరో సైకిల్సు మొదలైనవి. 1986 నాటికి హీరోవారు ప్రపంచములోనెల్ల ఎక్కువ సైకిళ్ళు చేయువారని గిన్నిసు గ్రంథమున నెక్కిరి. అట్లాసువారి సాహిబాబాదు కర్మాగారము మాత్రము 2020 జూన్ 3వ తేదీన మూతపడెను. అది ప్రపంచ సైకిలు దినమగుట విధి పరిహాసమువలె నుండెను.

ఈ ఉక్కుబండి ఇంతకాలము నిలుచుటకు కారణము దాని సొగసు కాదు. గొట్టమునకు గొట్టము చేరుచోట ఒక తొడుగు పెట్టి, ఇత్తడి కరగించి అతుకుదురు. అతుకు విడినచో తాటిపాకలోనో మామిడికుదురులోనో గ్యాసు వెల్డింగు చేయువాడు కూర్చుండినచోటనే మరల అతుకును. చట్రము వంగినచో సైకిలు మేస్త్రి రెండు కాళ్ళనడుమ పట్టి వంచి సరిచేయును. ఉక్కు వంగును, మరల వంచనిచ్చును. అల్యూమినియము అట్లుగాదు. అది తేలికయే గాని, ఒకసారి వంగినదానిని తిరిగి వంచబోయినచో చిట్లును. దానిని అతుకుటకు వేరు పనిముట్లు, వేరు నేర్పు వలయును. అవి మన గ్రామములలో అరుదు.

ఇక నా కథ. నాలుగేండ్లక్రిందట మా అబ్బాయి ఎనిమిదవ తరగతికి వచ్చినప్పుడు, తోటిపిల్లలను చూచి గేరు సైకిలే కావలెనని పట్టుబట్టెను. ఒక పట్టణములోని అంగడికి పోయి, పదునాలుగు వేలు పోసి ఒక బండి తెచ్చితిని. లావుపాటి టైర్లు, ముందొక స్ప్రింగు, వెనుకనొక స్ప్రింగు, పళ్ళెములవంటి బ్రేకులు, ఇరువదియొక్క గేర్లు. అంగడివాడు ఇరువదియొక్కటి యని చెప్పునప్పుడు వాని కన్నులు మెరిసినవి. నావియు మెరిసినవని ఒప్పుకొనవలెను. ఇంటికి తెచ్చి ధాన్యపు కాటామీద పెట్టి చూడగా, అది మా తండ్రిగారి పాత నల్లబండికంటె బరువుగా నుండెను.

రెండు నెలలు బాగుగనే నడచినది. ఒకనాడు కాలువగట్టుమీద కుడిప్రక్కకు పడినది. పిల్లవానికి దెబ్బ తగులలేదు. కాని వెనుక చక్రమువద్ద గొలుసును ఒక పళ్ళచక్రమునుండి వేరొకదానికి జరుపు యంత్రమొకటి వ్రేలాడుచుండును. దానిని చట్రమునకు పట్టియుంచు అల్యూమినియపు కొక్కెము కొంచెము లోపలికి వంగినది. అది మొదలు గేరు మీట నొక్కిన ఒకటికి బదులు రెండు మెట్లు ఎక్కును, ఒకప్పుడు ఎక్కనే ఎక్కదు. పిల్లవాడు నొక్కుచునే పోయెను. ఒక ఉదయము గొలుసు ఊచలలోనికి పోయి, కొక్కెము పుటుక్కున విరిగెను.

మా ఊరి మేస్త్రి దానిని చూచి, "ఇది ఏ బండికి ఆ బండిదేనండి, నా దగ్గరుండదు" అనెను. కాకినాడలో అడిగితిని, రాజమహేంద్రవరములో అడిగితిని. ఒకచోట ఇచ్చిన కొక్కెము అతుకలేదు. కొన్న అంగడివాడు కంపెనీకి వ్రాసెదననెను. నలుబది దినములు కడచినను రాలేదు. వేయి గ్రాముల తూకమైనను లేని ఒక లోహపు ముక్కకొఱకు పదునాలుగు వేల బండి మా పశువులపాకలో గోడకానుకొని యుండెను. పిల్లవాడు తాతగారి నల్లబండిమీదనే బడికి పోయెను.

ఆ నలుబది దినములలో నేను ఆ యంత్రమును విప్పి చూచి, తెలిసినవారిని అడిగి, కొంత నేర్చుకొంటిని. గేరు మార్చుటయందు రెండు విధములు కలవు. ఇప్పటి బండ్లలో మీట నొక్కగానే టిక్కుమని ఒక మెట్టు పడును. ఒక్కొక్క మెట్టుకు తీగె ఇంతయని లెక్కగా లాగబడును. ఆ లెక్క, వెనుక పళ్ళచక్రముల ఎడము, రెండును వెండ్రుకవాసి తప్పక కలిసియున్నంతకాలము వ్రేలితో నొక్కుటయే పని. కాని తీగె సాగినను, దాని తొడుగులో మట్టి చేరినను, కొక్కెము రవంత వంగినను, లెక్క చెడును. ఒక్క గేరు కాదు, అన్నియు చెడును. ఈ టిక్కుల పద్ధతి 1980 దశకము నడుమ జపాను దేశపు షిమానో వారు వ్యాపింపజేసినది. మేలురకపు సామానుతో చేసినది బాగుగనే పనిచేయును. దానిని నేను నిందింపను. పదునాలుగు వేల బండిలో స్ప్రింగులకు, పళ్ళెపు బ్రేకులకు, ఇరువదియొక్క గేర్లకు అన్నింటికిని పంచగా, ఒక్కొక్కదానికి ఎంత ఇనుము, ఎంత శ్రద్ధ మిగులునో మీరే లెక్కించుకొనుడు.

పాతపద్ధతి వేరు. చట్రము క్రిందిగొట్టముమీదనో, హ్యాండిలుమీదనో చిన్న మీట యొకటి యుండును. దానికి మెట్లు లేవు, టిక్కులు లేవు. రెండు బిళ్ళల నడుమ మీటను మరతో బిగించియుందురు. ఆ రాపిడియే మీటను ఎక్కడ వదలిన అక్కడ నిలుపును. మీటను కొంచెము లాగిన తీగె కొంచెము లాగబడి, గొలుసు ప్రక్క చక్రమునకు పోవును. సరిగా కూర్చుండనిచో గరగర మని చప్పుడు వచ్చును. అప్పుడు మీటను గోరంత అటో ఇటో కదిపిన చప్పుడు ఆగును. అంతే. తీగె సాగినచో మీటను ఇంకొక గోరంత ఎక్కువ లాగుదుము. కొక్కెము వంగినను పూర్తిగా సరిచేయువరకు ఏదో యొకవిధముగా ఇల్లు చేరుదుము. వెనుక ఐదు చక్రములున్నను ఆరున్నను, అవి ఏ కంపెనీవైనను, ఆ మీటకు ఒకటే. మర వదులైనచో మీట తనంతట జారును. దానికి మందు అరచుట్టు బిగించుటయే. నాగలి లోతును చేతితోనే తెలిసికొను రైతునకు ఈ మీట నేర్పుటకు ఎక్కువసేపు పట్టదు.

ఫ్రాన్సు దేశమున ఊరూర తిరిగి జరుగు పెద్ద సైకిలు పందెములో గొలుసు జరుపు గేర్లను 1937 వరకు అనుమతింపలేదు. అనుమతించిన తరువాత సుమారు అర్ధశతాబ్దము ఆ పందెగాండ్రు కొండలెక్కినది ఇట్టి టిక్కులేని మీటలతోనే. కనుక ఇది తక్కువరకపు వస్తువని ఎవరైన చెప్పిన నమ్మనక్కరలేదు.

ఇట్టి బండి యొకటి నాకు రాజమహేంద్రవరములో పాతసామాను అంగడిలో దొరకినది. సన్నని ఉక్కు గొట్టములు, క్రిందిగొట్టముమీద రెండు మీటలు, ముందు రెండు పళ్ళచక్రములు, వెనుక ఐదు. హ్యాండిలు పొట్టేలు కొమ్మువలె క్రిందికి వంగియుండెను. పద్దెనిమిది వందలకు తెచ్చి, హ్యాండిలు తీసివేసి సాదాది వేయించి, వెనుక క్యారియరు కట్టించితిని. నేల నమూనాల సంచులు, కరపత్రములు పెట్టుకొని నాలుగేండ్లుగా దానిమీదనే గ్రామములు తిరుగుచున్నాను. కారులో దిగిన ఉద్యోగితో రైతు మాటలాడు తీరు వేరు, సైకిలు దిగిన వానితో మాటలాడు తీరు వేరు. కారులో వచ్చిననాడు పంట బాగున్నదందురు. సైకిలుమీద వచ్చిననాడు దోమపోటు వచ్చిన మడికి తీసికొనిపోవుదురు.

సమతలమైన కోనసీమలో గేర్లెందుకని కొందరు నన్ను ఆక్షేపించిరి. ఈ ఆక్షేపణలో సగము నిజము కలదు. సామాన్యమైన నల్లబండికి ముందు 44 పండ్లు, వెనుక 18 పండ్లు ఉండును. అనగా పెడలు ఒక్క చుట్టు తిరిగిన చక్రము సుమారు రెండున్నర చుట్లు తిరిగి, బండి పదునెనిమిది అడుగులు పోవును. ఒంటరిగా పోవువానికి, గాలిలేని ఉదయమున, మంచి రోడ్డుమీద ఇది చక్కగా సరిపోవును. అట్టివాడు గేర్లకొఱకు ఒక్క రూపాయియు వ్యయము చేయనక్కరలేదు.

కాని బోడసకుర్రు, పాశర్లపూడి నడుమ వైనతేయముమీది వంతెన ఎక్కి చూడుడు. వెనుక ముప్పది కొబ్బరికాయలున్నచో నడిమికి రాకముందే దిగి త్రోయవలసియుండును. ఆషాఢమున పడమటిగాలి కెదురుగా తాటిపాక వైపు త్రొక్కి చూడుడు. అదియు నొక కొండయే. పైగా దిగుడు లేని కొండ. నా బండిలో ముందు చిన్నచక్రమునకు 42, వెనుక పెద్దచక్రమునకు 28 పండ్లు. వాటిని కలిపినచో పెడలు చుట్టుకు పది పదునొకండు అడుగులు మాత్రమే పోవును. వేగము తగ్గును గాని మోకాళ్ళు నిలుచును. నలుబది దాటినవారికి మోకాళ్ళ విలువ తెలియును.

గేరుతో నాకు మొదట పరిచయము కలిగినది ఈ బండితో కాదు, నేను చదివిన మిషను పాఠశాలలో. మా లెక్కల మాస్టారుగారికి ఒక పాత ఇంగ్లీషు ర్యాలీ ఉండెడిది. దాని గేర్లు బయటికి కనబడవు. వెనుక చక్రపు నడిబొడ్డులోనే దాగియుండును. స్టర్మీ ఆర్చరు అను ఈ బొడ్డు ఇంగ్లండులో 1902లో పుట్టినది. మూడే గేర్లు: నడిమిది నేరుగా, పైది దానికంటె మూడవవంతు ఎక్కువ, క్రిందిది నాల్గవవంతు తక్కువ. మాకు భిన్నములు చెప్పునప్పుడు మాస్టారుగారు ఆ బండిని తరగతిలోనికే నడిపించుకొని వచ్చి, ఒక పిల్లవానిచేత పెడలు త్రిప్పించి, వేరొకనిచేత చక్రపు చుట్లు లెక్కింపజేయుచుండిరి. మూడింట నాలుగన్నది నాకు నేటికిని ఒక చప్పుడుగనే జ్ఞాపకము: రెండవ, మూడవ గేర్లలో ఆ బొడ్డు సన్నగా టిక్కుటిక్కుమనును; మొదటిదానిలో మౌనముగా నుండును.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమమీద పడెను. వేయిమందికి దగ్గరగా ప్రాణములు పోయిన ఆ తుపానును ఈ పత్రిక చదువువారిలో సగముమంది కన్నులార చూచినవారే కనుక వర్ణింపను. తెల్లవారునప్పటికి రోడ్డు ఎక్కడనో తెలియలేదు. కొబ్బరిచెట్లు ఒకదానిమీదొకటి అడ్డముగా పడియుండెను. బస్సులు లేవు, టెలిఫోను లేదు. నేను బడి వసతిగృహములో నుంటిని. మాస్టారుగారు మా అందరి ఊళ్ళ పేర్లు ఒక కాగితముమీద వ్రాసికొని, ర్యాలీని బయటికి తీసిరి. చెట్టు వచ్చిన భుజమున వేసికొనుట, దాటిన తరువాత ఎక్కుట, మరల చెట్టు. మూడుదినములు తిరిగి, ప్రతి పిల్లవాని ఇంటినుండి ఒక చీటి తెచ్చిరి. మా తండ్రిగారి చీటిలో "ఇల్లు పోయినది, మేమున్నాము" అని మాత్రమే యుండెను. ఆ సైకిలు చైను కవరు సొట్టలు పడెను, ఊచలు మూడు విరిగెను, గేరుతీగె తెగెను. స్టర్మీ ఆర్చరు తీగె తెగినచో బండి తనంతట పెద్దగేరులో నడచును. మాస్టారుగారు చివరిదినమంతయు ఆ బరువుగేరుతోనే త్రొక్కిరని తరువాత తెలిసినది. వాటినన్నిటిని ఆయనయే బడి వరండాలో కూర్చుండి బాగుచేసికొనిరి. మేము చుట్టు నిలువబడి స్పానరు అందించితిమి.

రెండు దినముల గడువు తీరగనే కౌలురైతు తన కూతురుతో వచ్చెను. నేను చెప్పినదిది. స్కూటరు చెడ్డదని చెప్పను. ఇంటిలో రోగులున్నవారికి, రాత్రివేళ పనిగలవారికి దాని అవసరము కలదు. కాని దాని వెల లక్షకు అటు ఇటుగా నుండును, పెట్రోలు లీటరు నూరు రూపాయలు దాటినది, తాకట్టు వడ్డీ వేరు. పదునైదు వేల స్ప్రింగుల బండి వలదు. నా పశువులపాకలో నున్నదానిని చూపించితిని. సాదా నల్లబండి క్రొత్తది ఆరేడువేలలో వచ్చును. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ళమీద జి.యస్.టి. నూటికి 12 నుండి 5కు తగ్గినది గనుక బేరమాడునప్పుడు ఆ మాట మరువవలదు. పడమటిగాలికి గేరు కావలెనన్నచో, పాత ఉక్కుబండిని వెదకి బాగుచేయించుకొనుట మేలు.

తండ్రికి మరియొక సందేహము కలిగెను. పాతవాటిలో ఆడవారి బండి దొరకునా? మగవారి బండికి అడ్డగొట్టముండును గదా. దీనికి నేను చెప్పిన దృష్టాంతము తమిళనాడులోని పుదుక్కోట జిల్లాది. అక్కడ 1991, 1992 ప్రాంతములలో అక్షరాస్యతా ఉద్యమముతోబాటు వేలకొలది పల్లె స్త్రీలు సైకిలు నేర్చిరి. ఆడవారి బండ్లు అంగళ్ళలో చాలకపోగా మగవారి బండ్లే కొని త్రొక్కిరి. కూలి స్త్రీలు కొందరు అడ్డగొట్టమే మేలనిరట; బిడ్డను దానిమీద కూర్చుండబెట్టవచ్చును గదా. అమ్మాయి ఇది విని, తండ్రి ఏమనునో చూడక, "సార్, మీ బండి ఒకసారి తొక్కి చూస్తానండి" అనెను.

సంఘము గిడ్డంగి వెనుకనున్న కొబ్బరితోటలో మూడుచుట్లు తిరిగెను. మొదటి చుట్టులో మీట ఎక్కువ లాగి గొలుసు జారవిడిచెను. దిగి, చేయి నల్లగా చేసికొని, తానే ఎక్కించుకొనెను. రెండవచుట్టులో గరగర వినబడినది. మూడవదానిలో వినబడలేదు.

నెల తిరుగకముందే కాకినాడలో ఒక పాత ఉక్కుబండి కనబడినది. వెనుక ఐదు చక్రములు, ఒక్క మీట. వెల రెండువేల ఆరువందలు. కొనకముందు చూడవలసినవి కొన్ని కలవు. మీలోనెవరైన అట్టి బేరమునకు పోవునెడల ఇవి మరువవలదు. చట్రపు అతుకులవద్ద రంగు సన్నగా పగిలియున్నచో విడిచిపెట్టుడు. లోపల చీలిక యుండును. సీటుగొట్టము పైకి క్రిందికి కదలుచున్నదా చూడుడు. తుప్పుతో పట్టుకొనిపోయినచో దానిని తీయుట బ్రహ్మప్రళయము. చక్రమును త్రిప్పి బ్రేకురబ్బరు దగ్గర కన్నుంచి చూడుడు, సొట్ట తెలియును. టైరు కొలత చదువుడు. 28 × 1½ అనునది ఏ పల్లెలోనైనను దొరకును. వింతకొలత టైరు గల బండి ఎంత చౌకయైనను, ఒక టైరు పగిలిననాడు చౌక కాదు. ఈ బండి వీటన్నిటిలోను నిలిచినది. క్రొత్త టైర్లు, ట్యూబులు, గొలుసు, బ్రేకురబ్బర్లు, తీగెలు, ఒక చైను కవరు, మేస్త్రి కూలి కలిపి పదునెనిమిదివందల ఏబది అయినది. మొత్తము నాలుగువేల నాలుగువందల ఏబది. చెవులవి చెవులకే ఉండెను.

ఉక్కునకు మన సీమలో శత్రువొకటి కలదు, దానిని దాచరాదు. సముద్రపుగాలి ఉప్పు తెచ్చును, ఉప్పు తుప్పు తెచ్చును. వానలో తడిసిన బండిని తలక్రిందుగా నిలిపి, సీటుగొట్టము తీసి, లోపలి నీరు కారనీయవలెను. ఆ గొట్టమునకు ఏడాదికొకసారి గ్రీజు పూయవలెను. రంగు లేచినచోట గరుకుకాగితముతో రుద్ది చుక్కరంగైన వేయవలెను. గొలుసునకు మనవారు కొబ్బరినూనె వేయుదురు. ఇంటిలో నున్నది గదాయని వేయుట సహజమే. కాని అది దుమ్మును పట్టును, పుష్యమాసపు తెల్లవారుజామున పేరుకొనిపోవును. కుట్టుమిషను నూనె గాని, కొంచెము యంత్రపునూనె గాని చుక్క చుక్కగా వేసి, పైనున్నదానిని గుడ్డతో తుడిచివేయుట మేలు. గొలుసు లోపల నూనె కావలెను గాని వెలుపల కాదు.

దసరా సెలవులలో అమ్మాయి ఆ బండిని నడిపించుకొని మా ఇంటికి వచ్చెను. వెనుకచక్రము కొంచెము ఊగుచున్నదట. విప్పుటకు నేను స్పానరు తీసికొనగా, "నేను విప్పుతానండి, మీరు చెప్పండి" అనెను. ఇరుసు లాగి, పాత గ్రీజు గుడ్డతో తీసి, ఉక్కుగుండ్లను పళ్ళెములో పోసెను. ఒక్కొక్క ప్రక్కకు తొమ్మిది చొప్పున పదునెనిమిది ఉండవలెను. పదునేడే యున్నవి. మా అబ్బాయి, ఆమె, నేను, ముగ్గురము వాకిలంతయు వెదకితిమి. చివరకు ఆ గుండు పశువులపాకలో, గోడకానుకొనియున్న పదునాలుగువేల బండి క్రింద దొరకినది.